కోటయ్య గారి ఆదివారం క్లాసు

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి హైస్కూలు గ్రౌండులో నిలబడి ఉంటాను. తడిసిన మట్టి వాసన, పక్క వీధిలో ఎవరో పోస్తున్న పెసరట్టు వాసన కలిసి వస్తుంటాయి. చేతిలో ఫోను బుర్రుమంటుంది. ఒకసారి కాదు, వరసగా ఏడెనిమిది సార్లు. "మేడమ్, మా బావమరిది వాళ్ళింట్లో ఫంక్షను." "గుడ్ మార్నింగ్ మేడమ్, ఈ వారం కుదరట్లేదు, వచ్చేవారం పక్కా." ఒకాయన ఏమీ రాయడు, దణ్ణం పెట్టే రెండు చేతుల బొమ్మ పెడతాడు. ఆ బొమ్మకి అర్థం వస్తున్నాననో, రావట్లేదనో ఇన్నేళ్ళయినా నాకు తెలిసి చావలేదు. ఎదురుగా ముప్ఫైమంది పిల్లలు ఇస్త్రీ బట్టలతో, మెడలో స్కార్ఫులతో టైముకి వచ్చి వరసలో నిలబడి ఉంటారు. వాళ్ళని చూసుకోవాల్సిన పెద్దవాళ్ళు పద్నాలుగుమందిలో ముగ్గురు వస్తారు. ఆ ముగ్గురిలో ఒకరు టీ తాగడానికి వెళ్ళి ఉంటారు.

ఇలాంటప్పుడు నాకు రానివాళ్ళ మీద కోపం రాదు. అది ఎప్పుడో అరిగిపోయింది. కోపమంతా కోటయ్య గారి మీద. నన్ను ఇందులోకి దింపింది ఆయనే.

కోటయ్య గారు ముప్ఫై ఏళ్ళకు పైగా బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కదిలే బస్సులో నిలబడ్డ అలవాటుకి నేల మీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టి, పడిపోతానేమో అన్నట్టు నిలబడేవారు. చిన్నప్పుడు బళ్ళో స్కౌటుగా ఉన్నారట. ఆ రోజులే తనని మనిషిని చేశాయని ఆయన నమ్మకం. రిటైరైన ఏడాదే నూజివీడులో పిల్లల కోసం ఒక స్కౌటు దళం పెట్టారు. బస్టాండు దగ్గర నాకో జిరాక్సు షాపు ఉంది. మా అమ్మాయి హారికకి తొమ్మిదేళ్ళప్పుడు, దాన్ని దళంలో దించి షాపు తెరవడానికి వెళ్ళిపోదామని ఒక ఆదివారం గ్రౌండుకి వచ్చాను. ఆయన ఒక తాడు పట్టుకుని నా ముందుకొచ్చారు.

"అమ్మా, ఐదు నిమిషాలు ఈ చివర పట్టుకుంటారా? రావలసినాయన రాలేదు."

పట్టుకున్నాను. పదకొండేళ్ళయింది. ఆ రావలసినాయన ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు.

పిల్లలకి నేర్పడంలో కష్టమేమీ లేదని ఆర్నెల్లలోనే తెలిసిపోయింది. ముడి వేయడం ఒకసారి చూపిస్తే వాళ్ళు సాయంత్రానికి ఇంట్లో మంచం కోళ్ళన్నీ కట్టేసి వస్తారు. కష్టమంతా పెద్దవాళ్ళతోనే. ఒకరికి స్కార్ఫు కట్టుకోవడం నామోషీ. ఒకరికి ఫొటోలో ముందు వరస కావాలి. ఇంకొకరికి అన్నీ ముందే తెలుసు. జీతం లేని పని కాబట్టి ఎవర్నీ ఏమీ అనడానికి లేదు, అంటే రేపట్నుంచి రారు. ఈ పెద్దవాళ్ళందర్నీ కూడగట్టి శిక్షణ ఇప్పించే బాధ్యత కోటయ్య గారు నా నెత్తిన పెట్టారు. ఎందుకంటే నా దగ్గర కంప్యూటరూ, ప్రింటరూ, లామినేషను మిషనూ ఉన్నాయి.

మొదటి శిక్షణకి నేను చేసిన ఏర్పాట్లు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా నిమిషాలతో సహా టైంటేబులు. ఒక్కొక్కరికీ పదహారు పేజీల పుస్తకం. మెళ్ళో వేసుకోవడానికి పేర్లతో కార్డులు. పద్దెనిమిదిమంది వస్తామన్నారు. పదకొండింటికి ఏడుగురు పోగయ్యారు. వారిలో ముఖ్యమైనవారు రామ్మోహనరావు గారు. రెడ్డిగూడెం దగ్గర ఆయనకి పెద్ద మామిడితోట ఉంది. వేసవి క్యాంపుకి ఆ తోట ఇస్తానన్నారు. అందుకని ఆయన్ని రెండు మాటలు మాట్లాడమని నేనే అడిగాను. ఆయన నలభై నిమిషాలు క్రమశిక్షణ గురించి మాట్లాడారు. భోజనం చేసి, "కోతలు మొదలయ్యాయి అమ్మా, తోటలో మనుషులున్నారు" అని కారెక్కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం క్లాసు కోటయ్య గారిది. ఆ రోజు మొత్తంలో అసలైన క్లాసు అదే. ఎండలో, వానలో, గాలిలో పిల్లల్ని ఎలా కాపాడుకోవాలో చెప్పారు. "గాలి లేచిందంటే ముందు చెట్ల కింద నుంచి బయటికి తేవాలి. మీకు అప్పజెప్పిన ఎనిమిదిమందినీ వదిలి ఎక్కడికీ వెళ్ళకూడదు. వెళ్ళక తప్పదనుకోండి, పక్కవాళ్ళకి తల లెక్కతో అప్పజెప్పి వెళ్ళాలి. నేను బస్సు దిగి టీకి వెళ్ళినా డ్రైవరుకి చెప్పే వెళ్ళేవాణ్ణి." వినడానికి ఆరుగురం ఉన్నాం.

సాయంత్రం సర్టిఫికెట్లు ప్రింటు తీశాను. రామ్మోహనరావు గారిది కూడా తీశాను. కోటయ్య గారు సంతకాలు పెడుతూ ఆ కాగితం దగ్గర ఆగారు.

"ఈయన మధ్యాహ్నం ఉన్నారా అమ్మా?"

"ఉన్నట్టే లెండి," అన్నాను. "తోట ఇస్తున్నారు కదండీ."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి సంతకం పెట్టారు. నేను దాన్ని లామినేషను చేసి, స్వయంగా రామ్మోహనరావు గారింటికి తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆ శిక్షణకి రానివాళ్ళలో నాగమణి ఒకరు. తోటల్లో కోతకీ, ప్యాకింగుకీ కూలికి వెళ్ళే మనిషి. వాళ్ళ అమ్మాయి మా దళంలోనే ఉండేది. ఏ క్యాంపు పెట్టినా వంట దగ్గర ఆవిణ్ణే పెట్టేదాన్ని, ఇంకో పని ఇవ్వొచ్చని నాకు తోచలేదు. తర్వాతి ఆదివారం పిల్లని దించడానికొస్తే అందరి ముందూ నిలదీశాను. "వస్తానని చెప్పి రాకపోతే ఎలా నాగమణీ? నీ పేరుతో కార్డు కూడా చేయించాను." ఆవిడ తలొంచుకుని, "కోతలండీ మేడమ్ గారూ," అని మాత్రం అంది. రామ్మోహనరావు గారు చెప్పిన కారణమూ అదే. ఆయన్ని నేను కారు దాకా సాగనంపాను.

కోటయ్య గారు తాడు చుట్టుకుంటూ అంతా విన్నారు. మర్నాడు మధ్యాహ్నం స్కూటరు మీద షాపుకొచ్చి, "ఒక గంట షట్టరు దించండమ్మా, పనుంది," అన్నారు. రెడ్డిగూడెం రోడ్డులో ఒక ప్యాకింగు షెడ్డుకి తీసుకెళ్ళారు. నాగమణి అప్పుడే కోసి తెచ్చిన రసాల్ని ఏరుతోంది. ఆయన తిన్నగా వెళ్ళి ట్రే బోర్లించుకుని కూర్చుని, "నాగమణి గారూ, మా పద్మజ గారికి కాయ కోయడం నేర్పుతారా?" అన్నారు. 'గారూ' అన్న మాటకి పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. నాగమణికి నవ్వు రాలేదు. నన్ను షెడ్డు వెనక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, కిందికి వేలాడుతున్న కొమ్మ చూపించింది. నేను కాయ పట్టుకుని లాగాను. ముచ్చిక ఊడి సొన చివ్వున చిమ్మి నా మణికట్టు మీద పడింది. భగ్గుమంది. ఆవిడ చప్పున కొంగు తడిపి తుడిచి, నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, ముచ్చికతో సహా కాయ ఎలా తుంచాలో ఒక్కసారి చేయించింది. రెండోది నేనే కోశాను. సొన పడలేదు.

చెట్టు దగ్గర్నుంచి షెడ్డుకి తిరిగొచ్చాక కోటయ్య గారు, "ఆవిడ మీకు పుస్తకం ఇచ్చిందా?" అని అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. "మీరు చెప్పదలుచుకుంది తిన్నగా చెప్పచ్చు కదండీ. షాపు మూసుకుని రావాలా?"

"తిన్నగా చెప్తే మీరు టైంటేబులు మారుస్తారు," అన్నారు ఆయన.

ఆ సాయంత్రం పని ముగిసే దాకా ఆయన షెడ్డులోనే ఉండిపోయారు, నన్నూ ఉంచేశారు. శిక్షణ రోజు మధ్యాహ్నం మాకు చెప్పిందంతా, గాలి, చెట్లు, తల లెక్క, నాగమణి కాయలేరుతూ ఉండగానే ఆవిడకి చెప్పారు. నాకు అదంతా వృథా అనిపించింది. వంట చేసే మనిషికి తల లెక్కెందుకని స్కూటరు మీద నసిగాను కూడా.

ఏప్రిల్ చివర్లో క్యాంపు. కోత పూర్తయిన చెట్ల వైపు రామ్మోహనరావు గారు మాకు చోటిచ్చారు. అవతలి సగంలో కాయ ఇంకా చెట్టు మీదే ఉంది. సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఆయనకీ ఒక జట్టు ఇచ్చాం, ఎనిమిదిమంది ఆడపిల్లలు. జట్టు నాయకురాలు హారిక. అప్పటికి దానికి పదకొండేళ్ళు. డ్యూటీ కాగితం టైపు చేసింది నేనే.

రెండో రోజు మధ్యాహ్నం మూడు దాటాక పడమట మబ్బు నల్లగా కమ్మింది. నేను నా జట్టుతో మోటారు షెడ్డు దగ్గరే ఉన్నాను. కోటయ్య గారు విజిలు వేశారు. జట్లన్నీ షెడ్డు వైపు పరిగెత్తుకొస్తున్నాయి. అంతలోనే ఈదురుగాలి. దుమ్ముకి కళ్ళు తెరవలేకపోయాం. తలలు లెక్కపెట్టుకుంటుంటే ఒక జట్టు లేదు. అదేదో నాకు వెంటనే తెలిసింది. రామ్మోహనరావు గారు గాలి లేవగానే, "మీరిక్కడే ఉండండి, కదలద్దు," అని పిల్లలకి చెప్పి అవతలి సగానికి పరిగెత్తారు. ఆయన ఏడాది పంట ఆ గాలికి నేల రాలుతోంది. పిల్లలు ఆయన చెప్పినట్టే చెట్టు కింద కదలకుండా నిలబడ్డారు. వెళ్దామన్నవాళ్ళని కూడా హారికే ఆపిందట. కదలద్దన్నారు కదా అని.

వాళ్ళని చూసింది నాగమణి. పొయ్యి దగ్గర గంటె పారేసి, అరుస్తూ చెట్టు కిందికి దూరి ఇద్దర్ని రెండు చేతులా లాక్కొచ్చింది. మిగిలినవాళ్ళు ఆవిడ వెనక పరిగెత్తారు. నాయకురాలు కాబట్టి హారిక ఆఖర్న బయల్దేరింది. కొమ్మ విరిగి దాని ఎడమ చేతి మీద పడింది. నేను వెళ్ళేసరికి నాగమణి దాని చేతికి అట్టముక్క ఆనించి, తన తలగుడ్డతో కట్టు కడుతోంది. "ఏడుగురు షెడ్డులో ఉన్నారండీ, ఈ పాపతో ఎనిమిది," అంది నన్ను చూసి. 

మోచేయి దగ్గర ఎముక రెండుచోట్ల విరిగింది. ఆపరేషను అయింది. నాలుగో రోజు తల్లిదండ్రులంతా హైస్కూలు వరండాలో చేరారు. ఎవరి తప్పు అని అడిగారు. రామ్మోహనరావు గారు లేచారు. గాలికి పోయిన పంటతో ఆయన మొహం కూడా పీక్కుపోయి ఉంది. జేబులోంచి లామినేషను చేసిన కాగితం తీశారు. "నేను శిక్షణ పొందినవాణ్ణే. ఇదిగో. చెట్టు కింద నిలబడకూడదని నాకెవరు చెప్పారు?"

అది నా షాపులో చేసిన లామినేషను. ఒక మూల బుడగ కూడా వచ్చింది. నేను కళ్ళు దించుకున్నాను. కోటయ్య గారు ముందుకొచ్చి ఆ కాగితం అందుకుని చూశారు. "దీని మీద సంతకం నాది. మధ్యాహ్నం ఈయన క్లాసులో లేరు. గట్టిగా అడగాల్సింది, అడక్కుండా సంతకం పెట్టాను. తప్పు నాదండీ," అన్నారు. జనం ఆయన్ని నానా మాటలూ అన్నారు. నిలబడి విన్నారు. వారం తిరక్కుండా ముప్ఫై నలుగురు పిల్లల్లో పంతొమ్మిదిమంది మానేశారు.

నేను కూడా మానేశాను. ఆయన రోజూ షాపుకొచ్చి ఒక కాగితం జిరాక్సు తీయించుకుని వెళ్ళేవారు. దళం మాటే ఎత్తేవారు కాదు. పదో రోజో, పన్నెండో రోజో నేనే బద్దలయ్యాను. ఆ రామ్మోహనరావు గారిని ఎందుకు తీసెయ్యలేదు, మళ్ళీ ఆయన చుట్టూ ఎందుకు తిరుగుతున్నారు అని అరిచాను. ఆయన కౌంటరు మీద చేతులు ఆన్చి నిలబడ్డారు.

"కాయ రాలుతుంటే రైతు కాళ్ళు ఆగవమ్మా. అది తెలిసీ ఆయన చేతిలో పిల్లల్ని పెట్టింది మనం."

"మనం కాదండీ, నేను. ఉన్నట్టే అని చెప్పింది నేను."

"తెలుసు."

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"విరిగింది మీ అమ్మాయి చెయ్యి. దాని పైన నేనేం చెప్పాలి?" అన్నారు.  "బస్సులో 'ఎక్కినట్టే' అనే మాట ఉండదమ్మా. ఎక్కాడా, ఎక్కలేదా, అంతే. ఎక్కినట్టే అని రైటు కొడితే మనిషి చక్రం కింద ఉంటాడు. నాకా సంగతి తెలుసు. తెలిసీ కొట్టాను." కౌంటరు మీంచి చేతులు తీసి మళ్ళీ అన్నారు. "ఆ మధ్యాహ్నం క్లాసు మళ్ళీ పెడుతున్నాను. ఎవరూ రారనుకోండి, మనిద్దరం ఉంటాం."

వెళ్ళాను. ఆయన మీద గౌరవంతో కాదు, ఇంట్లో హారిక పోరు పడలేక. కట్టుతోనే గ్రౌండుకి పోతానని కూర్చుంది. చూస్తే, క్లాసు చెప్పేది కోటయ్య గారు కాదు, నాగమణి. ఏ చెట్టు కొమ్మ గాలికి ముందు విరుగుతుందో, పెళుసు కొమ్మని ఎలా గుర్తుపట్టాలో ఆవిడ చెప్పినట్టు మాలో ఎవరూ చెప్పలేరు. పేరుకి మధ్యాహ్నం క్లాసు, జరిగేది పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకానే, కూలికి వెళ్ళేలోపు. రామ్మోహనరావు గారు గేటు దాకా వచ్చి, ఎవరు చెప్తున్నారో చూసి ఆగిపోయారు.

"మా తోటలో కూలికొచ్చే మనిషి దగ్గర నేను నేర్చుకోవాలా కోటయ్యా?"

"నేర్పేది ఆవిడే మరి. వేరే క్లాసు లేదండీ."

ఆయన వెళ్ళిపోయారు. తోట ఇక ఇవ్వనని కబురు పెట్టారు. నాగమణిని కూడా కోతకి పిలవడం మానేశారు. ఆవిడ వేరే తోట చూసుకోవాల్సొచ్చింది, ఇంకా రెండు మైళ్ళు ఎక్కువ నడక. ఇంత జరిగినా కోటయ్య గారు ప్రతి ఆదివారం సాయంత్రం స్కూటరేసుకుని రామ్మోహనరావు గారింటికి వెళ్ళడం మానలేదు. కొన్నిసార్లు గుమ్మంలోంచే పంపేశారని మాకు తెలుసు. నాగమణి దీన్ని తప్పు పట్టలేదు. నేను మాత్రం ఆయనతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇంత ఓపిక చేతకానితనమని మొహం మీదే అన్నాను. ఆయన విని తలూపి, మళ్ళీ ఆదివారం వెళ్ళారు.

తొమ్మిది నెలల తర్వాత, మామిడి పూత మీదున్నప్పుడు, రామ్మోహనరావు గారు వచ్చి వెనక వరసలో నిలబడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కోటయ్య గారు ఒక తాడు ఇచ్చారంతే. నాగమణిని 'నువ్వు' అనడానికి అక్కడ కుదరదు, 'మీరు' అనడానికి ఆయనకి నోరు రాదు. అందుకని గాలితో మాట్లాడేవారు. "ఈ ముడి ఎటు తిప్పాలో మరి," అని ఆకాశంలోకి చూసి అనేవారు. నాగమణి కూడా ఆకాశానికే సమాధానం చెప్పేది. అలా ఆరు ఆదివారాలు. క్లాసు పూర్తిచేశారు. ఆవిణ్ణి 'అండీ' అనడం నేనెప్పుడూ వినలేదు. కానీ ఆ వేసవి క్యాంపు ఆయన తోటలోనే జరిగింది. తన జట్టు ఎనిమిదిమందినీ పట్టుకుని కూర్చుని, జేబులో ఫోను ఆరుసార్లు మోగినా ఆయన తియ్యలేదు. ఏడోసారి నాగమణి వచ్చి, "ఎనిమిది, నేను చూస్తానండీ," అంటే అప్పుడు లేచారు. నేను ఆయన్ని క్షమించానా అంటే చెప్పలేను. హారిక చెయ్యి ఈనాటికీ పూర్తిగా చాపడానికి రాదు. దాని చెయ్యి చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆయన కాదు, నా నోటి మాట.

కోటయ్య గారు పోయి మూడేళ్ళయింది. గుండె నొప్పి, ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేదు. మర్నాడు పొద్దున్న ఏడింటికి శ్మశానానికి తీసుకెళ్తారని తెలిసి దళం పెద్దవాళ్ళందరూ ఆరున్నరకే వచ్చేశారు. పద్నాలుగుమందికి పద్నాలుగుమంది, స్కార్ఫులు సరిగ్గా కట్టుకుని. ఒక్క ఆదివారం, ఆయన ఉండగా ఒక్క ఆదివారం ఇలా వచ్చి ఉంటే ఏం పోయేదని నాకు ఏడుపుతో పాటు పట్టరాని కోపం వచ్చింది.

ఇప్పుడు సంతకాలు నావి. పోయిన నెల బాపులపాడులో ఎరువుల కొట్టు నడిపే శ్రీనివాసరావు గారు గాయాలకి కట్టు కట్టే క్లాసు ఎగ్గొట్టి సర్టిఫికెట్ అడిగారు. "మొత్తం వచ్చినట్టే కదా మేడమ్, రెండు గంటలేగా," అన్నారు. ఇవ్వనన్నాను. ఇక రానని గ్రూపులోంచి వెళ్ళిపోయారు. నేను రెండు రోజులు ఆయన్నీ, కోటయ్య గారినీ కలిపి తిట్టుకున్నాను. మూడో రోజు షాపు మూసి, బస్సెక్కి బాపులపాడు వెళ్ళాను. కొట్లో యూరియా కోసం నలుగురు రైతులు నిలబడి ఉన్నారు. సంచిలోంచి కట్టుగుడ్డ తీసి కౌంటరు మీద పెట్టాను.

ఆయన గుడ్డనీ, నన్నూ మార్చి మార్చి చూశారు. "మీకు వేరే పని లేదా మేడమ్?"

"బోలెడుంది. అందుకే త్వరగా కానివ్వండి," అని వరసలో ముందున్న రైతుని చెయ్యి చాపమన్నాను. నవ్వుతూ చాపాడు. శ్రీనివాసరావు గారు విసుగ్గా, బేరాలు చూసుకుంటూనే, గబగబా కట్టేశారు. రైతు చెయ్యి ఇలా కదపగానే ముడి జారిపోయింది.

విప్పి మళ్ళీ కట్టమన్నాను.